సారు పీట

ఆ రోజు పొద్దున ఆరున్నరకు మా గేటు చప్పుడైంది. పాలు వచ్చాయనుకుని గిన్నె పట్టుకుని వెళ్ళాను. సారు భార్య, మా పక్కింటి అక్క, నిలబడి ఉన్నారు. కాళ్ళకు చెప్పులు లేవు. "మీ సారు లేయలేదమ్మా" అన్నారు. ఐదింటికే లేచి వాకిట్లో కుర్చీ వేసుకునే మనిషి. ఆమె ఇంకో మాట చెప్పనవసరం లేకపోయింది. గిన్నె గోడ మీద పెట్టి ఆమె వెంట వెళ్ళాను. సారు పక్కకు తిరిగి పడుకుని, ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని, నిద్రలోనే వెళ్ళిపోయారు.

సారు అంటే ప్రొద్దుటూరులో మా పక్కింటాయన. పాలిటెక్నిక్‌లో పిల్లలకు డ్రాయింగు, వర్క్‌షాపు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా ఆయన పని ఆగలేదు. మనుషులు వాడే వస్తువులను ఎట్లా తయారు చేయాలన్నది ఆయన చదువు. దాన్ని ప్రోడక్ట్ డిజైన్ అంటారని ఆయన దగ్గరే విన్నాను. ఫోన్లలో యాప్‌లు చేసే ఆయన పాత శిష్యులు బెంగుళూరు నుంచి వచ్చి యూజర్ ఎక్స్‌పీరియన్స్ గురించి గంటలు గంటలు మాట్లాడేవారు. సారు దాన్ని "వాడేటోళ్ళ కష్టసుఖం" అనేవారు. నేను పదో తరగతి వరకు చదువుకున్న గృహిణిని. ఈ విద్యలో నాకు తెలిసిన కొంచెం ఆయన గోడ అవతలి నుంచి చెప్పినది, ఆపైన జమ్మలమడుగులో ఒక సంగటి కుండ దగ్గర నేర్చుకున్నది.

మా చనువు నా తప్పుతోనే మొదలైంది. అది నా తప్పని అప్పట్లో నేను అనుకునేదాన్ని. నాకు ప్రతిదీ రాసిపెట్టుకునే అలవాటు ఉంది. గ్యాసు బండ ఎప్పుడు మార్చాను, కొళాయి ఎన్నింటికి వచ్చింది, ఏ ఊరగాయ ఏ రోజు కలిపాను, అన్నీ నోటుపుస్తకంలో ఉంటాయి. అయినా మోటరు ఆపడం మరిచిపోయేదాన్ని. మిద్దె మీద తొట్టి నిండి నీళ్ళు వీధిలో పారేవి. ఎదురింటామె "ఏమ్మా, పెన్నకు నీళ్ళొచ్చినట్లుండాదే" అని వెటకారం చేసేది. చివరికి మోటరు స్విచ్చి పక్కన "ఆపు" అని రాసి కాగితం అతికించాను. ఒకరోజు సారు ఏదో పనిమీద వచ్చి ఆ కాగితం చూశారు.

"ఇది ఎవురికి రాసినావమ్మా?"

"నాకే సార్. మతిమరుపు."

"నీకు మతిమరుపేంది. పోయినేడు బండ మార్చిన తేదీ అడిగితే చెప్తావు. తొట్టి మిద్దె మీద ఉండాది, నువ్వు వంటింట్లో ఉండావు. అది నిండినట్ల నీకు ఎట్ల తెలియాల? తప్పు తొట్టిది."

మరునాడు ఒక పైపు ముక్క, ఒక పాత రేకు తెచ్చారు. తొట్టి పొంగితే ఆ నీళ్ళు వంటింటి కిటికీ పక్కన రేకు మీద పడేటట్లు బిగించారు. ఆ సాయంత్రం తొట్టి నిండగానే రేకు టపటపలాడింది. నేను వెళ్ళి మోటరు ఆపాను. కాగితం నేనే చించేశాను. పని అయిందో లేదో వస్తువు మనకు చెప్పాలని, అది చెప్పకపోతే మనుషులు తమను తాము తెలివితక్కువవాళ్ళు అనుకుంటారని సారు అన్నారు. నాకు పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో "తప్పు నీది కాదు" అని ఒక మనిషి అంత వివరంగా చెప్పడం అదే మొదలు.

పులివెందులలో ఆయన శిష్యుడి గృహప్రవేశానికి మేమూ వెళ్ళాము. ఆ శిష్యుడికి చీనీ (బత్తాయి) తోట, అరటి తోట పక్కపక్కనే ఉన్నాయి. డ్రిప్పు పైపుల మూతలన్నీ ఒకే చోట, ఒకే తీరుగా ఉండేవి. పనివాళ్ళు అరటికి విప్పమంటే చీనీకి విప్పేవారట. అతను ప్రతిదాని మీదా రంగుతో పేరు రాయించాడు, పది రోజులకు బురద కప్పేసింది. భోజనాలయ్యాక సారు తోటలోకి వెళ్ళి, పనిచేసే ఆవిడ పక్కన చాలాసేపు ఊరికే నిలబడ్డారు. ఆమె తల ఎత్తకుండా, చేత్తో తడుముకుంటూ మూతలు విప్పుతున్నది. సారు వచ్చి శిష్యుడితో ఒకే మాట అన్నారు. "ఆ యమ్మ కండ్లతో చూడలే నాయనా, చేత్తో చూస్తాంది. నువ్వు కంటికి రాసినావు." తర్వాత అరటి పైపుకు గుండ్రటి పిడి, చీనీ పైపుకు అడ్డకడ్డీ పిడి వేయించారు. తిరిగి వచ్చే బస్సులో అక్క నవ్వుతూ నాతో అన్నారు, "పులివెందుల దాకా పోయి మూతలు మారుస్తాడు. మా వంటింటి తలుపు గడియ ఊడి నాలుగేండ్లాయె, దాన్ని మటుకు ఈయన కంటికి చూపిచ్చే దేవుడు లేడు." సారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అది వాడేది నువ్వొక్కదానివే, నీకు అలవాటైపాయె" అన్నారు. ఆ రోజు రాత్రి సారుకు అన్నం అక్క వడ్డించారో, ఆయనే వడ్డించుకున్నారో నేను అడగలేదు.

ఇక చెప్పవలసింది మా వదిన సంగతి.

ఆమె మా వారి అక్క. భర్త పోయాక జమ్మలమడుగులో ఒక చిన్న హోటలు పెట్టి, సంగటి, ఊరిబిండి పచ్చడి, పప్పు అమ్ముతూ ఒక్క కొడుకును పెంచింది. కొడుకు ఇప్పుడు పులివెందులలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. పెద్దముడియం వైపు నుంచి పనులకు వచ్చే వాళ్ళు ఆమె సంగటి కోసమే ఆ వీధిలోకి తిరిగేవారు. నాలుగేళ్ళ కిందట ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, నడక దక్కింది, కుడి చేతిలో మాత్రం పట్టు పోయింది.

సంగటి చేసేవాళ్ళకు చెప్పనక్కర లేదు. ఉడికిన అన్నంలో రాగిపిండి పోసి మగ్గనిచ్చాక, కుండను కిందికి దించి, రెండు పాదాల మధ్య బిగించుకుని, పొడుగాటి కట్టెతో రెండు చేతులా కెలకాలి. బలమంతా నడుములో, భుజాల్లో ఉండాలి. వదిన ఒంటి చేత్తో ప్రయత్నించింది. కుండ జారి కాలుతున్న సంగటి పాదం మీద పడింది. పనికి పెట్టుకున్నవాళ్ళు గడ్డలు కట్టిన సంగటి చేశారు. తినేవాళ్ళు తగ్గారు. కొడుకు వచ్చి, ఇంక హోటలు మూసేసి పులివెందుల రమ్మన్నాడు. అతను చెడ్డవాడు కాదు. కాలిన పాదం చూసి భయపడ్డాడు. "నెల రోజులు చూస్తానమ్మా, తర్వాత నేనే తాళం వేస్తా" అన్నాడు.

వదిన నాకు ఫోను చేసి ఏడవలేదు. "ఏమ్మే, వానింట్లో నాకు కూడు పెడతారులే, కాదనను. నేను పెట్టే కూడు ఎవరు తింటారింక?" అని మాత్రం అడిగింది.

సారుకు చెప్పాను. ఆమెకు ఫలానా వస్తువు కావాలని నేను వివరించబోతే ఆయన ఆపారు. "ఏం కావాల్నో తర్వాత. ముందు ఆమె యాడ కూర్చుంటాది, ఎట్ల లేస్తాది, చూద్దాం పా." ఇద్దరం బస్సెక్కి జమ్మలమడుగు వెళ్ళాము. సారు వదినను అడిగారు, ఆ వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్ళను అడిగారు. అందరూ ఒకే మాట చెప్పారు. కుండ కదలకుండా ఉంటే చాలు. సారు ఇంటికి వచ్చి ఇనుముతో మూడు కాళ్ళ చట్రం చేయించారు. కుండను దానిలో పెట్టి మరలు బిగిస్తే ఏనుగు తోసినా కదలదు. కట్టెకు పైన అడ్డంగా ఒక పిడి పెట్టారు, చేతిలో పట్టు లేకపోయినా ముంజేతి బరువు దాని మీద వేయవచ్చు.

దాన్ని తీసుకుని వెళ్ళిన రోజు కొడుకు కూడా వచ్చాడు. కుండ కదలలేదు. వదిన చెమటలు కక్కుతూ కెలికింది. ముద్ద చేసి విరిచి చూస్తే లోపలంతా పొడి పిండి గడ్డలు. కుండలో ఒక పక్క పిండి పచ్చిగానే ఉంది.

వదిన ముద్దను పళ్ళెంలో పెట్టి, "వస్తువు బాగుండాది సార్. నా చెయ్యే పనికిరాకపాయె" అంది.

కొడుకు నా వైపు చూసి, "చూస్తివా అత్తా" అన్నాడు. ఆ మాటలో గెలిచిన సంతోషం లేదు.

సారు ఆ గడ్డల ముద్దనే కూర్చుని మొత్తం తిన్నారు. తర్వాత వదినతో, "నీ చెయ్యి కాదమ్మా. నేను మీరు చెప్పింది విన్నా, మీరు చేసేది చూడలే. తప్పు నాది" అన్నారు. పాతికేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, ఒక హోటలు గడపలో, మా మేనల్లుడి ముందు ఆ మాట అన్నారు. నేను ఆయన్ను చూసి గర్వపడిన రోజులు చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది అదే.

బస్సులో ఆయన నాకు పని అప్పజెప్పారు. "నేను పోతే సారొచ్చినాడని కొంగు సర్దుకుంటారు, నాకు చూపిచ్చేకి కెలుకుతారు. నువ్వు పో. ఏమీ అడగొద్దు. చూసింది చూసినట్ల రాయి. ఏది పనికొస్తాదో నువ్వు తేల్చొద్దు."

నేను చాపాడులో మా పుట్టింటికి వెళ్ళాను, జమ్మలమడుగులో వదిన పక్కిళ్ళకు వెళ్ళాను, మా వీధిలో రెండిళ్ళలో కూర్చున్నాను. కట్టె కుండలో ఒక చుట్టు తిరిగితే ఒక గీత. ఊపిరి పీలిస్తే ఒక చుక్క. చెమట తుడుచుకుంటే అదీ రాశాను. మా అమ్మ, "ఏంది మే, నన్ను సెన్సెస్‌లో రాస్తాండావా" అంది. ఐదిళ్ళ పేజీలు పక్కపక్కన పరిచినప్పుడు నాకు ఒకటి కనిపించింది. ఏడెనిమిది గీతలకొకసారి అందరి దగ్గరా "కుడి కాలు కదిలింది" అని రాసి ఉంది. మళ్ళీ అమ్మ దగ్గరకు వెళ్ళి పాదాలనే చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది చుట్లు కాగానే ఆమె పాదం కుండను కొంచెం పక్కకు తిప్పింది. కట్టె చేరని పక్క ఉన్న పిండి కట్టె దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నువ్వు కుండను తిప్పుతాండావు."

"యాడ తిప్పుతాండా? తిప్పితే పడిపోదా?" అంది, పాదంతో తిప్పుతూనే.

ఎవరిని అడిగినా లేదనే అన్నారు. ఒకామె నేను అబద్ధం చెబుతున్నానని కోపం కూడా తెచ్చుకుంది. ఇంటికి వచ్చి నేనే సంగటికి కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను. నా కాలు నాకు తెలియకుండా ఎనిమిదో చుట్టుకు కదిలింది.

నోటుపుస్తకం గోడ మీదుగా సారుకు ఇచ్చాను. ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు, మళ్ళీ మొదటికి వచ్చారు. తర్వాత లోపలికి చూసి అక్కను పిలిచి, "ఈ యమ్మ నాకంటే బాగా చూసింది, రా" అన్నారు. నేను ఉతికిన బట్టలు ఆరేసే పని ఉన్నదానిలా పక్కకు తిరిగాను.

కుండ కదలకూడదు, కుండ తిరగాలి. రెండూ కావాలి. ఈసారి సారు ఇనుము జోలికి పోలేదు. పాడైనా బాధ లేని దానితో ముందు చేసి చూడాలన్నారు. చెక్క ముక్కలతో పీట చేశారు, పాత సీలింగు ఫ్యాను బేరింగు మీద కుండను పట్టే వలయం కూర్చోబెట్టారు. కుండలో సంగటికి బదులు తడి ఇసుక. మా పెరట్లో నేనే కెలికాను. బేరింగు మరీ సులువుగా తిరిగి, కట్టెతో పాటు కుండ కూడా గిరగిరా తిరిగింది. అక్క నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. సారు కూడా నవ్వారు, ఆ చెక్కను పక్కన పడేసి రెండోది చేశారు. అదీ పోయింది. మూడోదానికి వలయం కింద సైకిలు ట్యూబు ముక్క వేశారు. ఆ రబ్బరు కట్టె తోపుకు లొంగకుండా పట్టుకుంటుంది, పాదంతో తోస్తే లొంగుతుంది. పాదానికి అందేటట్లు వలయం చుట్టూ కురచ కొయ్యలు దిగగొట్టారు. ఎత్తు కోసం వదిన మోకాలి కొలత తెమ్మన్నారు. నేను కాలి మడమ నుంచి కూడా కొలిచి తెచ్చాను.

నెల గడవడానికి నాలుగు రోజులుండగా దాన్ని ఇనుముతో చేయించి జమ్మలమడుగు తీసుకుని వెళ్ళాము. కొడుకు తాళం కప్ప జేబులో పెట్టుకునే వచ్చాడని తర్వాత తెలిసింది. లోపలికి వెళ్ళే ముందు సారు మా ఇద్దరికీ చెప్పారు. "ఎవురూ నోరు తెరవొద్దు. ఎట్ల వాడాల్నో మనం చెప్పినామంటే ఆమె మన మాటను వాడతాది, పీటను కాదు."

వదిన కుండ దించి పీటలో పెట్టింది. మా ముగ్గురి ముఖాలు చూసింది. "ఏంది, పీనుగుల మాదిరి నిలబడినారు? చెప్పండి ఎట్ల చేయాల్నో" అంది. కాలితో తిప్పమనే మాట నాకు నోటి దాకా వచ్చింది. మేనల్లుడు ఒక అడుగు ముందుకు వేస్తే సారు చెయ్యి అడ్డం పెట్టారు. వదిన విసుక్కుంటూ ఎడమ చేత్తో కట్టె పట్టుకుని, కుడి ముంజేయి అడ్డపిడి మీద వేసి కెలకడం మొదలుపెట్టింది. నేను లెక్కపెడుతున్నాను. ఏడు అయింది. ఎనిమిది అయింది. తొమ్మిది అయింది. పదో చుట్టుకు, కాలిన మచ్చ ఉన్న ఆ పాదం ముందుకు వచ్చి కొయ్యను తోసింది.

ముద్ద విరిస్తే లోపల నిగనిగలాడుతూ ఉంది. కొడుకు నిలబడే తిన్నాడు. రెండో ముద్ద అడిగి కూర్చుని తిన్నాడు. తర్వాత మోకాళ్ళ మీద వంగి పీట కిందికి చూసి, "సార్, ఈ బేరింగులోకి పిండి దిగుతాది. మా షెడ్డులో మూత ఉండే రకం ఉండాది, నేను తెచ్చి వేస్తా" అన్నాడు. పులివెందుల మాట ఎత్తలేదు. వదిన చెమట తుడుచుకుని, "సారు నాకు పెట్టినన్ని పరీక్షలు కలెక్టరు చదువుకు కూడా ఉండవు" అంది.

ఆ తర్వాత బెంగుళూరు శిష్యులు ఎప్పుడొచ్చినా సారు వాళ్ళను జమ్మలమడుగు తీసుకుని వెళ్ళేవారు. ఒకమ్మాయి ల్యాప్‌టాపు తెరిచి వదినను ప్రశ్నలు అడగబోయింది. "ముందు తిను తల్లీ, నీ ముఖంలో నెత్తురే లేదు" అని వదిన పళ్ళెం పెట్టింది. ఆ రోజు సారు నన్ను కూడా పిలిపించి, వాళ్ళందరి ముందూ నా నోటుపుస్తకం తెరిచారు. "ఇదీ రీసెర్చి అంటే. మీరు వేల మంది క్లిక్కులు లెక్కపెడతారు. ఈ యమ్మ ఐదు మంది పాదాలు లెక్కపెట్టింది. పీట నాది కాదు, ఆ కాలు కనుక్కున్న ఈ యమ్మది" అన్నారు. ఆ పిల్లలు నా గీతలను ఫోటోలు తీసుకున్నారు. నా చేతిరాతను మా పిల్లలు కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు. మూడేళ్ళయినా ఆ మాట తలచుకుంటే నా నడుము నిటారుగా అవుతుంది. దాచుకోను.

సారుకు కోపం ఉండేది. తాను చేసిన వస్తువును పొగిడితే ముఖం తిప్పుకునేవారు, అది ఎక్కడ ఇబ్బంది పెట్టిందో చెబితే కుర్చీ దగ్గరికి లాక్కునేవారు. మనుషులు మర్యాదకు బాగుందంటారని, ఆ మర్యాద వస్తువుకు విషమని ఆయన బాధ. అందుకే మేము ఆయనకు ఎప్పుడూ సరిగా కృతజ్ఞత చెప్పుకోలేకపోయాము. ఈ నాలుగు మాటలు రాయడానికి అదొక కారణం.

పదకొండో రోజు కార్యానికి వదిన ప్రొద్దుటూరు వచ్చింది. మరునాడు ఆమెను దిగబెట్టడానికి నేను జమ్మలమడుగు వెళ్ళాను. పనికి కొత్తగా కుదిరిన ఒకామె అప్పటికే వచ్చి పొయ్యి అంటించి ఉంది. పెద్దముడియం దగ్గరి పల్లె మనిషి, ఆ హోటల్లో ఆమెకు అదే మొదటి రోజు. వదిన ప్రయాణంతోనో దుఃఖంతోనో కట్టె అందుకోలేదు. "ఈ పొద్దుకు నువ్వే కెలుకు" అని ఆమెతో అని, నాతో పాటు గడప మీద కూర్చుంది.

కొత్తామె కుండ దించింది. నేల మీద చోటు చూసి, పక్కన ఉన్న పీటను చూసి, కుండను దానిలో పెట్టింది. ఎవరినీ ఏమీ అడగలేదు. పొద్దుటి బస్సు రాకపోతే తాను ఎంత దూరం నడిచిందో, కండక్టరును ఏమని తిట్టిందో చెబుతూ కెలకసాగింది. వదిన నా మణికట్టు పట్టుకుంది. కొత్తామె కబుర్లు ఆపలేదు, కిందికి చూడనూ లేదు. కాసేపటికి దుమ్ము కొట్టుకుపోయిన ఆమె కుడి పాదం మెల్లగా ముందుకు జరిగి, బొటనవేలితో కొయ్యను తోసింది. కుండ కొంచెం తిరిగింది.